పల్లెకూ నగరానికీ నడుమ ఒక సొంత ఇల్లు

మన కుటుంబాలలో నలుగురు కూర్చున్న చోట తరచుగా వచ్చే ప్రశ్న ఒకటి ఉంది. సొంత ఇల్లు ఎక్కడ ఏర్పరచుకోవాలి? పుట్టిన ఊళ్లోనా, విజయవాడలోనా, లేక ఈ రెండింటికీ నడుమనున్న ఏదైనా చిన్న పట్నంలోనా?

తోట్లవల్లూరు ప్రాంతపు కుటుంబాలకు ఈ ప్రశ్న మరీ దగ్గరది. అక్కడ కరకట్ట ఎక్కి నిలబడితే ఒకవైపు కృష్ణా నది, లంకలు. మరొకవైపు చెరకు, అరటి, పసుపు, కంద తోటలు. కొద్ది దూరం పోతే వుయ్యూరు. ఇంకా ముందుకు పోతే పామర్రు. పామర్రు దగ్గర ఎడమకు తిరిగితే గుడివాడ, కుడికి తిరిగితే చల్లపల్లి మీదుగా దివిసీమ, తిన్నగా పోతే బందరు. వెనక్కి విజయవాడ వైపు వస్తే కంకిపాడు. ఇన్ని ఊళ్లలో ఎక్కడ నిలవాలన్నది ఒక్క పూటలో తేల్చుకునే మాట కాదు. అర ఎకరం అమ్మిన సొమ్మో, ఇరవై ఏళ్ల జీతంలో మిగిల్చినదో, పరదేశంలో కష్టపడి కొడుకో కూతురో పంపినదో, అంతా ఆ ఒక్క కొనుగోలులోకే పోతుంది. అది చెడితే తిరిగి కూడబెట్టడానికి మరొక ఆయుష్షు ఉండదు గదా!

అందుచేత చిన్న పట్నంలో ఇల్లు కొనాలనుకునేవారిని ఆకర్షించేవి ఏవి, వాటిలో నిలిచేవి ఏవి, నిలవనివి ఏవి అని ఈ నెల పాఠకులతో కలిసి ఆలోచించదలచాము. ముందుగానే మా అభిప్రాయం చెప్పివేస్తాము. రేపు ధర పెరుగుతుందన్న ఆశతో కొన్న ఇల్లు వేరు, ముప్పై ఏళ్లు కాపురం చేయగలమని చూసుకొని కొన్న ఇల్లు వేరు. సామాన్య కుటుంబం కొనవలసినది రెండవది.

చిన్న పట్నం ఎందుకు పిలుస్తుంది?

మొదటి కారణం అందరికీ తెలిసినదే. విజయవాడలో రెండు పడక గదుల ఫ్లాటుకు పెట్టే సొమ్ముతో వుయ్యూరులోనో గుడివాడలోనో నేల మీద ఒక చిన్న ఇల్లు చూసుకునే అవకాశం చాలాసార్లు ఉంటుంది. పెరట్లో ఒక కరివేపాకు చెట్టు, నాలుగు కోళ్లు, వాకిట్లో మంచం వేసుకునే చోటు, ఇవి పల్లె నుంచి వచ్చినవారికి విలాసాలు కావు, అలవాటైన జీవితం.

రెండవది, పొలం చేయి జారదు. తోట్లవల్లూరులో ఎకరం సాగు చేసుకునే కుటుంబం విజయవాడకు పోయిందంటే ఆ ఎకరం కౌలుకు పోతుంది, కొన్నాళ్లకు అమ్మకానికి పోతుంది. వుయ్యూరులో ఉంటే పొద్దున్నే మోటారు సైకిలు మీద పోయి నీళ్లు పెట్టి, పదిగంటలకు ఇంటికి రావచ్చు. ఊళ్లో ఉండిపోయిన తల్లిదండ్రులకు జ్వరం వస్తే సాయంత్రానికి చేరుకోవచ్చు.

మూడవ కారణం ఎక్కువమంది పైకి చెప్పరు. మేము చెప్పక తప్పదు. మన పల్లెల్లో ఎవరి ఇల్లు ఏ వీధిలో ఉండాలన్నది చాలాకాలం పుట్టుకే నిర్ణయించింది. పేటలు ఊరికి ఎడంగా, తరచు పల్లపు నేలలో, వాన పడితే ముందుగా నీళ్లు నిలిచే చోట ఏర్పడ్డాయి. అక్కడ పుట్టినవాడు ఎంత చదివి, ఎంత సంపాదించినా, ఊళ్లో మెరక మీద స్థలం అడిగితే అమ్మేవాడు దొరకడం కష్టం. పట్నంలోని కొత్త కాలనీలో స్థలం కొన్నవాడు పుట్టుకతో కాక కాగితంతో ఇరుగుపొరుగు అవుతాడు. అక్కడ కూడా అద్దె ఇల్లు అడగబోతే ముందు ఇంటి పేరు, తర్వాత కులం, మతం ఆరా తీసే యజమానులు లేకపోలేదు. అయినా సొంత పేరున రిజిస్టరైన గుమ్మం దగ్గర ఆ ప్రశ్న అడిగే హక్కు ఎవరికీ ఉండదు. మన కుటుంబాలెన్నిటికో సొంత ఇల్లు అంటే గోడలు, కప్పు మాత్రమే కాదు. తల ఎత్తుకొని నిలబడే చోటు.

ఇన్ని మంచి కారణాలున్నాయి గనుకనే తొందరపడి కొనే ప్రమాదం కూడా ఉంది. ఇక చూసుకోవలసినవి ఒక్కొక్కటిగా చెప్పుకుందాం.

ముందు నీళ్లు

స్థలం చూడబోయినప్పుడు మనవాళ్లు మొట్టమొదట అడిగేది తూర్పు ముఖమా, ఉత్తర ముఖమా అని. అడగవలసినది, నీళ్లు తియ్యనా, ఉప్పనా అని. దిక్కు ఏదైనా కిటికీ మార్చుకోవచ్చు. భూమిలోని నీటిని మార్చుకోలేము.

దిగువ కృష్ణా డెల్టాలో ఈ విషయం ఊరూరికీ మారుతుంది. తోట్లవల్లూరు వంటి నది ఒడ్డు ఊళ్లలో ఇసుక నేలల వలన బోరు నీరు సాధారణంగా బాగుంటుంది. సముద్రానికి దగ్గరయ్యేకొద్దీ బందరు, దివిసీమ చివరి ఊళ్లలో భూగర్భ జలం ఉప్పగా మారుతుంది. గుడివాడ వైపు కూడా చాలా చోట్ల బోరు నీరు తాగడానికి పనికిరాదు. అటువంటి పట్నాలలో తాగునీరు కృష్ణా కాలువల నుంచి రావలసిందే. కాలువలో నీళ్లు పారేటప్పుడు చెరువులు నింపుకొని, వేసవిలో కాలువలు కట్టేసిన తర్వాత ఆ చెరువు నీటినే శుద్ధి చేసి కుళాయిలకు ఇస్తారు. కాలువకు నీళ్లు ఆలస్యమైన ఏడాది కుళాయి కూడా ఆలస్యమవుతుంది.

కాబట్టి ఇల్లు కొనేవారు మే నెలలో ఒకసారి ఆ వీధికి పోవాలి. అమ్మేవారిని కాదు, ఆ వీధిలో బిందెలు పట్టే స్త్రీలను అడగాలి. కుళాయి ఎన్ని రోజులకొకసారి వస్తుంది? ఏ వేళకు వస్తుంది? తాగే నీళ్లు డబ్బాలలో కొంటున్నారా? ఒక కుటుంబం రోజుకు ఒక డబ్బా నీళ్లు కొంటే నెలకు ఎంతవుతుందో లెక్క వేసుకుంటే ఆ ఇంటి అసలు ధర తెలుస్తుంది. పక్క ఇళ్ల గోడల అడుగు భాగం కూడా చూడండి. సిమెంటు పూత ఉబ్బి, తెల్లటి పొడి రాలుతూ ఉంటే ఉప్పు పనిచేస్తున్నదని అర్థం.

మెరకా, పల్లమా?

డెల్టాలో కాపురం ఉన్నవారికి నీళ్లు లేకపోవడం ఎంత భయమో, నీళ్లు ఎక్కువ కావడం అంతకంటె పెద్ద భయం. మన ప్రాంతపు చరిత్ర ఈ విషయంలో మూడు పాఠాలు నేర్పింది.

మొదటిది సముద్రం నేర్పినది. 1864 నవంబరులో వచ్చిన తుపానులో సముద్రపు నీరు బందరు మీద విరుచుకుపడి వేలాది ప్రాణాలు తీసింది. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెన మన పెద్దలు కళ్లారా చూసినది. అధికారిక లెక్కల ప్రకారమే సుమారు పదివేలమంది చనిపోయారు. అందులో గుడిసెలలో ఉన్న పేదలే ఎక్కువ. ఆ తర్వాతనే తీరంలో తుపాను రక్షణ భవనాలు, పక్కా ఇళ్లు లెక్కలోకి వచ్చాయి. ఇప్పుడు తుపాను కబురు కొన్ని రోజుల ముందే తెలుస్తుంది గనుక ప్రాణాలు కాపాడుకోవచ్చు. ఇంటిని వీపు మీద మోసుకొని పోలేము గదా. తీరానికి దగ్గరలో కొనేవారు నేల ఎత్తు, కప్పు బలం, దగ్గరలోని రక్షణ భవనం చూసుకోవాలి.

రెండవది నది నేర్పినది. 2009 అక్టోబరులో ప్రకాశం బ్యారేజి దగ్గర కృష్ణమ్మ పదకొండు లక్షల క్యూసెక్కులు దాటి పారింది. ఇంతటిది మళ్లీ రాదనుకున్నాము. 2024 సెప్టెంబరు 2న 11.43 లక్షల క్యూసెక్కులతో ఆ లెక్క కూడా దాటిపోయింది. తోట్లవల్లూరు మండలంలోని పాములలంక వంటి లంక గ్రామాలకు ఇటువంటి వరద ఏమి చేస్తుందో అక్కడివారికి చెప్పనవసరం లేదు. కరకట్టకు ఏ వైపున ఉన్నామన్నదే ఈ ప్రాంతంలో అన్నిటికంటె పెద్ద ప్రశ్న. కట్టకు నది వైపున స్థలం చవకగా వస్తుందంటే ఆ చవక ఎందుకో నదికి తెలుసు. కట్టకు ఇవతలి వైపున ఉన్నా, గండి పడే బలహీనమైన చోటు ఎక్కడున్నదో ఆ ఊరి వృద్ధులను అడిగి తెలుసుకోవాలి.

మూడవది నగరం నేర్పినది. అదే 2024 సెప్టెంబరులో విజయవాడను ఎక్కువగా ముంచినది కృష్ణ కాదు, బుడమేరు. సింగ్‌నగర్, రాజరాజేశ్వరీపేట, పాయకాపురం వంటి కాలనీలలో రోజుల తరబడి ఇళ్లలో నీళ్లు నిలిచాయి. పల్లెల్లో ఉన్నదంతా ఊడ్చి అక్కడ చిన్న ఇళ్లు కొనుక్కున్న కుటుంబాలు ఎన్నో. ఫ్రిజ్జు, మంచాలు, పిల్లల సర్టిఫికెట్లు, ఆటోలు అన్నీ బురదలో కలిశాయి. పెద్ద నగరమంటే భద్రత అన్న భ్రమను ఆ వారం తీసివేసింది. అలాగని చిన్న పట్నం మునగదని కాదు. మురుగు కాలువ పూడిపోయి, దాని మీద ఇళ్లు లేచిన చోట ఏ పట్నమైనా మునుగుతుంది.

దీనికి పరీక్ష చాలా సులువు. గట్టి వాన కురిసిన మరునాడు స్థలం చూడబోవాలి. అమ్మేవారు ఎండాకాలంలో చూపించి బయానా అడుగుతారు. మనము శ్రావణ, భాద్రపదాల వరకు ఆగితే వాన ఉచితంగా సర్వే చేసి పెడుతుంది. వీధిలోని పాత ఇళ్ల గోడల మీద నీటి గీత ఎంత ఎత్తున ఉన్నదో చూడండి. రోడ్డు మట్టం కూడా గమనించండి. రోడ్డు మీద రోడ్డు వేసిన ప్రతిసారీ అది ఎత్తు పెరుగుతుంది, పాత ఇల్లు పల్లమవుతుంది.

నేల గుణం

గుడివాడ చుట్టుపక్కల నల్ల రేగడి నేలలు ఎక్కువ. వానకు ఉబ్బి, ఎండకు బీటలు వారడం రేగడి గుణం. వరికి అది మేలు, పునాదికి చేటు. ఇటువంటి నేలలో నాలుగడుగులు తవ్వి ఇటుక పునాది వేసి గోడ లేపితే రెండు వేసవులు గడిచేసరికి గోడ మూలల్లో పగుళ్లు కనిపిస్తాయి. రేగడి పొరను దాటి కింద గట్టి నేల వరకు దింపిన పైల్స్, వాటి మీద దూలాలు, ఇవి ఇంజినీరు చెప్పే పద్ధతి. ఖర్చు కొంత ఎక్కువే. స్థలం ధర తక్కువని సంతోషపడేటప్పుడు పునాది ఖర్చు కూడా అందులో కలిపి చూడాలి.

వరి పొలాన్ని మట్టితో నింపి ప్లాట్లు చేసిన చోట ఆ మట్టి దిగి గట్టిపడేందుకు సమయం పడుతుంది. నింపిన ఏడాదే ఇల్లు మొదలుపెట్టడం మంచిది కాదు. కట్టిన ఇల్లు కొంటున్నట్లయితే ఒక అనుభవమున్న తాపీ మేస్త్రీని వెంటబెట్టుకొని పోండి. ఆయనకిచ్చే ఒక రోజు కూలి మనకు లక్షలు మిగల్చవచ్చు.

దారి, బడి, ఆసుపత్రి

పుణె నుంచి హైదరాబాదు, విజయవాడల మీదుగా బందరు వరకు వచ్చే 65వ నంబరు జాతీయ రహదారి మీదనే కంకిపాడు, వుయ్యూరు, పామర్రు ఉన్నాయి. ఈ ఊళ్లు పెరగడానికి ఆ రోడ్డే కారణం. గుడివాడకు రైలు బలం ఉంది. విజయవాడ, బందరు, భీమవరం వైపు లైన్లు అక్కడ కలుస్తాయి. అయితే పెద్ద రోడ్డు మీద బస్సులు పోతున్నాయని తృప్తి పడకూడదు. ఆ రోడ్డు నుంచి మన వీధికి రాత్రి ఎనిమిదింటికి ఆడపిల్ల ఎలా చేరుతుంది? ఆఖరి పల్లెవెలుగు ఎన్ని గంటలకు? దారిలో దీపాలున్నాయా? 2025 ఆగస్టు 15 నుంచి రాష్ట్రంలో పల్లెవెలుగు వంటి బస్సులలో స్త్రీలకు ఉచిత ప్రయాణం వచ్చింది. బస్సు వచ్చే ఊరికే ఆ మేలు దక్కుతుంది.

చదువు విషయంలో మన ప్రాంతం అదృష్టం చేసుకున్నది. రాబర్టు నోబుల్ దొరగారు 1843లో బందరులో పెట్టిన బడి నోబుల్ కళాశాలగా పెరిగింది. గుడివాడలో అక్కినేని నాగేశ్వరరావుగారి పేరున కళాశాల, వుయ్యూరులో ఏ.జి. అండ్ ఎస్.జి. సిద్ధార్థ కళాశాల ఉన్నాయి. 2008లో కృష్ణా విశ్వవిద్యాలయం, 2023లో ప్రభుత్వ వైద్య కళాశాల బందరుకు వచ్చాయి. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయినప్పుడు విజయవాడ ఎన్టీఆర్ జిల్లాలోకి పోగా, బందరు కృష్ణా జిల్లాకు కేంద్రంగా కొనసాగింది. అదే సమయంలో వుయ్యూరు రెవెన్యూ డివిజను కేంద్రమైంది. కార్యాలయం, కళాశాల, ఆసుపత్రి వచ్చిన చోట అద్దెలు నిలకడగా ఉంటాయి, చిన్న వ్యాపారాలు నడుస్తాయి. కాగితం మీద గీసిన పట్నానికీ, గడియారం ప్రకారం జనం పనికి పోయే పట్నానికీ తేడా ఇక్కడే ఉంది.

వయసు మళ్లినవారు మరొకటి చూసుకోవాలి. అర్ధరాత్రి గుండెనొప్పి వస్తే ఎంతసేపటిలో డాక్టరు దగ్గరకు చేరగలము? ఈ ప్రశ్నకు జవాబును కిలోమీటర్లలో కాక నిమిషాలలో చెప్పుకోవాలి.

కాగితం సంగతి

బబులోను సైన్యం యెరూషలేమును ముట్టడించి ఉన్న రోజులలో యిర్మీయా అనాతోతులోని పొలం కొన్న సంగతి మనకు తెలిసినదే. ఊరు పడిపోబోతున్నా ఆ ప్రవక్త కాగితం విషయంలో ఏమరలేదు. 17 తులాల వెండి తూచి ఇచ్చాడు, క్రయపత్రం రాయించాడు, ముద్ర వేయించాడు, సాక్షులను పెట్టాడు, పత్రాలను మట్టికుండలో భద్రపరచమన్నాడు. నమ్మకమున్నవాడు కాగితం అడగడు అనేవారు ఈ అధ్యాయం మరొకసారి చదవాలి.

మన సంఘాలలో ఇప్పటికీ తెల్ల కాగితం మీద ఒప్పందం, నలుగురు పెద్దల సంతకాలు, అంతటితో సొమ్ము ఇచ్చివేసే అలవాటు పోలేదు. చట్టం దీనిని ఒప్పుకోదు. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం వంద రూపాయలు, ఆపైన విలువ గల స్థిరాస్తి అమ్మకం రిజిస్టరు కావలసిందే.

రిజిస్ట్రేషనుకు ముందు చూడవలసినవి కొన్ని ఉన్నాయి. అమ్మేవారికి ఆ ఆస్తి ఎలా వచ్చిందో చెప్పే పాత దస్తావేజులు, అనగా లింకు డాక్యుమెంట్లు, తెగకుండా ఉండాలి. సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలో ముప్పై ఏళ్లకు ఈసీ తీయించుకోవాలి. అయితే ఈసీలో రిజిస్టరైన తాకట్లు, అమ్మకాలే కనిపిస్తాయి. నోటిమాట పంపకాలు, వారసుల తగవులు కనిపించవు. వాటిని ఊళ్లో విచారించాలి. రిజిస్ట్రేషన్ చట్టంలోని 22-ఏ సెక్షను కింద నిషేధించిన భూముల జాబితాలో ఆ సర్వే నంబరు లేదని రూఢి చేసుకోవాలి. దేవాదాయ, వక్ఫ్, ప్రభుత్వ భూములు అందులో ఉంటాయి.

అసైన్డ్ భూముల విషయంలో మన కుటుంబాలు మరింత జాగ్రత్తగా ఉండాలి. పేదలకు ప్రభుత్వం ఇచ్చిన భూమి చేతులు మారకుండా 1977లో చట్టం చేశారు. తర్వాత సవరణలు వచ్చాయి, వాటి మీద మళ్లీ విచారణలు కూడా వచ్చాయి. కాబట్టి డి-పట్టా భూమి చవకగా వస్తున్నదని మధ్యవర్తి చెబితే, తహసీల్దారు కార్యాలయంలో అడగనిదే పైసా ఇవ్వవద్దు. మనకు ప్రభుత్వం ఇచ్చిన సెంటున్నర స్థలాన్ని తొందరపడి తెల్ల కాగితం మీద అమ్ముకోవద్దు కూడా.

లేఅవుటులో ప్లాటు కొనేవారు అనుమతి నంబరు అడగాలి. అనుమతి లేని చోట ఇంటి ప్లానుకూ, బ్యాంకు అప్పుకూ కష్టాలు తప్పవు. 500 చదరపు మీటర్లు దాటిన స్థలంలో ప్లాట్లు వేసినా, 8 ఫ్లాట్లకు మించి కట్టినా 2016 నాటి చట్టం ప్రకారం రెరాలో నమోదు ఉండాలి. ప్లాటు కొలత టేపుతో స్వయంగా కొలుచుకోండి. ఒక సెంటు అంటే 48.4 చదరపు గజాలు. మూడు సెంట్లని చెప్పిన స్థలం 145 గజాలు ఉండాలి. అందులో రోడ్డు కలిపి లెక్క చెప్పడం కొత్త విషయం కాదు.

మరొక మాట ఆడపిల్లల గురించి. క్రైస్తవ కుటుంబాలకు వర్తించే 1925 నాటి భారత వారసత్వ చట్టం ప్రకారం, వీలునామా రాయకుండా తండ్రి చనిపోతే ఆస్తిలో మూడవ వంతు భార్యకు, మిగిలినది కొడుకులకూ కూతుళ్లకూ సమానంగా చెందుతుంది. కాబట్టి అటువంటి ఇల్లు కొనేటప్పుడు కూతుళ్ల సంతకాలు కూడా ఉండాలి. మనము కట్టుకున్న ఇంటికి బ్రతికుండగానే వీలునామా రాసి పెడితే, అన్నదమ్ములు అక్కచెల్లెళ్లు కోర్టు మెట్లెక్కే దుస్థితి రాదు. ఇల్లు భార్యాభర్తలిద్దరి పేర రిజిస్టరు చేయించుకోవడం మరింత మంచిది.

ధర, అప్పు, ఆశ

2014లో రాష్ట్రం విడిపోయి, రాజధాని అమరావతి అన్న తర్వాత కృష్ణానదికి రెండు వైపులా భూముల ధరలు ఎలా ఎగిరాయో చూశాము. 2019 చివరలో మూడు రాజధానుల మాట వచ్చినప్పుడు బేరాలు ఎలా ఆగిపోయాయో కూడా చూశాము. 2024 తర్వాత మళ్లీ ఆశలు లేచాయి. బందరు ఓడరేవు పనుల కబురుతో ఆ వైపు కూడా ప్లాట్ల ప్రకటనలు పెరిగాయి. ఓడరేవు రావడం మంచిదే, రాజధాని కట్టడం మంచిదే. కాని ఎన్నిక ఎన్నికకూ మారే ధర మీద ఆడపిల్ల పెళ్లి సొమ్ము పెట్టడం వివేకం కాదు.

అప్పు లెక్క ముందే వేసుకోవాలి. ఏటా 9 శాతం వడ్డీకి బ్యాంకులో 10 లక్షలు 20 ఏళ్లకు తీసుకుంటే నెలకు సుమారు 9 వేల చొప్పున కట్టాలి. మొత్తం 21 లక్షల 60 వేల దాకా అవుతుంది. అదే అప్పు 10 ఏళ్లలో తీర్చగలిగితే నెలకు సుమారు 12,670 కట్టాలి గాని మొత్తం 15 లక్షల 20 వేలతో ఆగుతుంది. ఇక ఊళ్లో రెండు రూపాయల వడ్డీకి తెస్తే ఏటా 24 శాతం! 10 లక్షలకు నెలకు 20 వేలు వడ్డీకే పోతుంది, అసలు ఒక్క రూపాయి కూడా తరగదు. అటువంటి అప్పుతో కట్టిన ఇంట్లో నిద్ర పట్టదు. పెద్ద ఇంటికి అప్పు చేయడం కంటె రెండు గదులు కట్టుకొని, పైన మేడకు ఇనుప ఊచలు వదిలి, పిల్లలు చేతికొచ్చాక వేసుకోవడం మన పెద్దల పద్ధతి. అందులో సిగ్గుపడవలసినది ఏమీ లేదు.

ఇరుగుపొరుగు

ఏ ప్రకటనలోనూ అచ్చు వేయని విషయం ఇది. పట్నంలో ఇల్లు కొన్న కొందరు పెద్దలు ఆరు నెలలకే ఊరికి తిరిగి వచ్చేస్తారు. ఇంట్లో అన్నీ ఉంటాయి, పలకరించేవారు ఉండరు. పిల్లలు హైదరాబాదులోనో అమెరికాలోనో ఉంటారు. కొనకముందే ఆ వీధిలో రెండు మూడు సాయంత్రాలు గడిపి చూడండి. అరుగుల మీద మనుషులు కూర్చుంటున్నారా? పక్కింటివారు పేరు అడిగారా? నడచిపోయే దూరంలో ఆరాధనకు పోగలమా, చావుకూ పెళ్లికీ వచ్చి నిలిచేవారు ఉన్నారా? కొత్తగా కాలనీకి వచ్చిన కుటుంబాలను సంఘాలు కూడా వెదకి పలకరించాలి. పేటలోని సంఘంలో అందరినీ పేరు పెట్టి పిలిచినవారు పట్నపు గుడిలో వెనక బల్ల మీద ఒంటరిగా కూర్చోకూడదు.

స్థలానికి బయానా ఇచ్చే ముందు కుటుంబమంతా కూర్చొని ఈ ప్రశ్నలకు జవాబులు ఒక కాగితం మీద రాసుకోవలసిందిగా పాఠకులను కోరుతున్నాము. మే నెలలో నీళ్లు చూశామా? వాన మరునాడు వీధి చూశామా? మేస్త్రీ చేత నేల, గోడ చూపించామా? ఆఖరి బస్సు వేళ తెలుసా? లింకు డాక్యుమెంట్లు, ఈసీ, నిషేధిత జాబితా, లేఅవుటు అనుమతి చూశామా? వారసులందరి సంతకాలు ఉన్నాయా? నెల కిస్తీ కట్టిన తర్వాత బియ్యానికీ, పిల్లల ఫీజులకూ మిగులుతుందా? ఇంట్లో ఎక్కువసేపు ఉండబోయే స్త్రీల అభిప్రాయం అడిగామా?

వీటిలో సగానికి జవాబు లేకపోతే ఆ బేరాన్ని వదులుకోవడానికి జంకనవసరం లేదు. మంచి స్థలం మరొకటి దొరుకుతుంది. అన్నిటికీ మంచి జవాబు వస్తే అది వుయ్యూరైనా, గుడివాడైనా, బందరైనా, లేక తోట్లవల్లూరులోనే కట్టకు ఇవతల మెరక మీద ఉన్న నాలుగు సెంట్లైనా, ధైర్యంగా కొనండి. అక్కడ మీ పిల్లలు పెరుగుతారు, మీరు పెద్దవారవుతారు. రేపు దాని ధర ఎంతన్నది అమ్ముకునేవారికి కావలసిన లెక్క. కాపురముండేవారికి కావలసినది వాన రాత్రి పిల్లలు నిశ్చింతగా నిద్రపోయే ఇల్లు.